నా 118 ఎన్ఈ ఇంజనుకు కార్బురేటర్ స్పేసర్ ఎంచుకున్న తీరు: నా అనుభవం

మా నాన్నగారు 1991లో కొన్న ప్రీమియర్ 118 ఎన్ఈ కారు ఇప్పటికీ హైదరాబాదు సైనిక్‌పురిలోని మా ఇంటి ఆవరణలో, వేపచెట్టు నీడన ఉంటుంది. బాడీ ఫియట్ 124ది, బానెట్ కింద ఉన్నది నిస్సాన్ ఏ12 ఇంజను, 1171 సీసీ. నాలుగేళ్ల కిందట ఇంజను పూర్తిగా విప్పించవలసి వచ్చినప్పుడు, ఎలాగూ విప్పుతున్నాం కదా అని హెడ్ పోర్టులు (గాలి, పొగ వెళ్లే దారులు) నునుపు చేయించి, కంప్రెషన్ కొద్దిగా పెంచి, పొగను బయటికి పంపే పాత పోత ఇనుప ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ స్థానంలో, నాలుగు గొట్టాలు రెండుగా, ఆ రెండూ ఒకటిగా కలిసే 4-2-1 హెడర్ పెట్టించాను. అదే ఏడాది మా బావగారు ఇంగ్లండు నుంచి వస్తూ వెబర్ 32/36 డీజీవీ కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజనుకు అందించే భాగం) ఒకటి తెచ్చి ఇచ్చారు. అక్కడి నుంచే ఈ స్పేసర్ కథ మొదలైంది.

వెబర్ అడుగుభాగం మా ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఆ మిశ్రమాన్ని సిలిండర్లకు పంచే గొట్టాల భాగం) మీది స్టడ్లకు సరిపోదు. అందుకని రెంటికీ మధ్య అల్యూమినియంతో చేసిన ఒక అడాప్టర్ ప్లేటు ఉంటుంది. దానితోనే ఏడాదిపాటు నడిపాను. చలికాలంలో కారు చక్కగా నడిచింది. ఎండాకాలం రాగానే రెండు బాధలు బయటపడ్డాయి. మొదటిది పికప్ విషయం: మూడో గేరులో నెమ్మదిగా వెళుతూ యాక్సిలరేటర్ ఒక్కసారిగా నొక్కితే, ఇంజను అర సెకను ఊపిరి బిగబట్టినట్టు ఆగి, ఆ తరువాత లాగేది. రెండవది ఇంకా చికాకు పెట్టేది. ఎండలో అరగంట నడిపి, ఎక్కడైనా ఆపి, పది పదిహేను నిమిషాల తరువాత స్టార్ట్ చేయబోతే, సెల్ఫ్ ఎంత తిప్పినా ఇంజను అందుకునేది కాదు. యాక్సిలరేటర్ పూర్తిగా కిందికి నొక్కిపట్టి తిప్పితే, నల్లటి పొగ వదిలి, ఘాటైన పెట్రోలు వాసనతో లేచేది.

ఈ రెండు బాధలలో నా మనసు మొదటిదాని మీదే ఉంది. కార్బురేటర్ కింద స్పేసర్ వేస్తే ఇంజను బలం పెరుగుతుందని చాలా చోట్ల చదివి ఉండటం వల్ల, స్పేసర్ అంటే బలం పెంచే వస్తువు అనే అభిప్రాయంతోనే వెతకడం మొదలుపెట్టాను. ఆ అభిప్రాయం సగమే నిజమని తెలుసుకోవడానికి నాకు ఒక వేసవి పట్టింది.

స్పేసర్ అంటే కార్బురేటర్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య ఉంచే ఒక దిమ్మె, అంతే. అయితే దాని ఆకారం, మందం, అది దేనితో చేసింది అనేవి మూడు వేరువేరు ప్రశ్నలు. అమెరికాలోని వీ8 ఇంజన్లకు నాలుగు గొంతుల (గాలి దిగే దారుల) కార్బురేటర్లు ఉంటాయి కనుక, అక్కడ నాలుగు రంధ్రాలూ విడివిడిగా ఉన్న స్పేసర్, లోపల అడ్డుగోడలేవీ లేని ఓపెన్ స్పేసర్, పైన విడివిడిగా మొదలై కింద కలిసిపోయే మిశ్రమ రకం అని మూడు ఆకారాలు దొరుకుతాయి. రంధ్రాలు విడిగా ఉంటే గాలి వేగం తగ్గకుండా మానిఫోల్డ్‌లోకి దిగుతుంది, కనుక తక్కువ, మధ్య ఆర్‌పీఎంలలో (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లలో) స్పందన బాగుంటుంది. ఓపెన్ స్పేసర్ కార్బురేటర్ కింద ఉండే ఖాళీని పెంచుతుంది కనుక, ఎక్కువ ఆర్‌పీఎంలో ఏ సిలిండరైనా అన్ని గొంతులలో నుంచీ గాలి తీసుకోగలుగుతుంది, మిశ్రమం నిలువు నుంచి అడ్డానికి తిరిగే మలుపు కూడా కొంత సులువవుతుంది. నా వెబర్‌కు ఉన్నవి రెండే గొంతులు కాబట్టి, నా ముందున్న ప్రశ్న రెండు రంధ్రాలా, ఓపెనా అన్నదే.

అక్కడ నేను చేసిన పొరపాటు ఏమిటంటే, 5.7 లీటర్ల ఆ వీ8 ఇంజన్ల మీద చేసిన పరీక్షల ఫలితాలను 1.2 లీటర్ల ఇంజనుకు యథాతథంగా వర్తింపజేసుకోవడం. ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర ఓపెన్ స్పేసర్ మేలు అని చదివి, 25 మిల్లీమీటర్ల ఓపెన్ అల్యూమినియం స్పేసర్ తెప్పించాను. చూడటానికి ఎంతో అందమైన వస్తువు అది.

బిగించిన రోజు సాయంత్రమే తేడా తెలిసింది, కానీ నేను ఆశించిన వైపు కాదు. 4500 ఆర్‌పీఎం దాటిన తరువాత ఇంజను ఇదివరకటి కంటే స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు అనిపించిన మాట నిజం. కింద మాత్రం పికప్‌లోని ఆ తటపటాయింపు రెట్టింపయింది. ఈసీఐఎల్ చౌరస్తాలో సిగ్నల్ పడగానే కదలబోతే రెండుసార్లు ఇంజను ఆగిపోయింది.

కారణం తరువాత నెమ్మదిగా ఆలోచిస్తే అర్థమయింది. 32/36 డీజీవీలో రెండు గొంతులూ ఒకేసారి తెరుచుకోవు. 32 మిల్లీమీటర్ల ప్రైమరీ మొదట తెరుచుకుంటుంది, అది దాదాపు మూడింట రెండు వంతులు తెరుచుకున్నాక గాని 36 మిల్లీమీటర్ల సెకండరీ కదలదు. అంటే ఊళ్లో నడిపేటప్పుడు దాదాపు ఎప్పుడూ ఒక్క గొంతే పనిచేస్తుంది. ఆ గొంతులో నుంచి వేగంగా దిగిన గాలి, ఓపెన్ స్పేసర్‌లోని పెద్ద గదిలోకి రాగానే ఒక్కసారిగా విచ్చుకుని నెమ్మదిస్తుంది. గాలి నెమ్మదిస్తే అందులో తేలుతున్న పెట్రోలు తుంపరలు గోడలకు అంటుకుంటాయి, సిలిండర్లకు అందే మిశ్రమం ఆ క్షణంలో పలచబడుతుంది. పైగా ఈ కార్బురేటర్ కుటుంబాన్ని ఫోర్డ్ వారు 2 లీటర్ల ఇంజన్ల మీద కూడా వాడారు. నా ఇంజనుకు అది అసలే పెద్ద గొంతు. గాలి వేగం తక్కువగా ఉన్న చోట ఇంకా తగ్గించే వస్తువును తెచ్చి పెట్టుకున్నాను.

మా కారును ఇరవై ఏళ్లుగా చూస్తున్న మెకానిక్ ఒకాయన ఉన్నారు. అందరూ ఆయనను ఉస్తాద్ అనే పిలుస్తారు, నేనూ అంతే. నేను పికప్ గురించి చెబుతుంటే ఆయన వినిపించుకోకుండా, కారును గంటసేపు తిప్పి తెమ్మన్నారు. ఏప్రిల్ చివరివారం, మధ్యాహ్నం రెండు గంటల వేళ. కారు తెచ్చి ఆపగానే బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, ఒక టార్చిలైటు నా చేతికి ఇచ్చి, “సార్, పది నిమిషాలు దీంట్ల చూడున్రి, ఏం చేయకున్రి” అన్నారు.

మొదటి మూడు నాలుగు నిమిషాలు ఏమీ జరగలేదు. తరువాత ప్రైమరీ గొంతులో, పెట్రోలు చిమ్మే చిన్న నాజిల్ కొసన ఒక తడి మెరుపు కనిపించింది. అది బొట్టుగా మారి, కొంతసేపు వేలాడి, గొంతును మూసి తెరిచే థ్రాటిల్ రేకు మీద పడింది. వెంటనే ఇంకొకటి. ఇంజను ఆపి ఉంది, గాలి కదలడం లేదు, అయినా బొట్లు పడుతూనే ఉన్నాయి. చెవి దగ్గరపెడితే, కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెలో నుంచి సన్నటి కుతకుత వినిపించింది. గిన్నెలో పెట్రోలు మరిగి, తన ఆవిరి తోసే తోపుకు తానే నాజిల్ గుండా పొంగి, మానిఫోల్డ్‌లోకి కారిపోతోంది. నేను ఏడాదిగా పంపు దగ్గర ఆవిరి అడ్డుపడి పెట్రోలు అందడం లేదని అనుకున్నాను, జరుగుతున్నది సరిగ్గా దానికి వ్యతిరేకం. పెట్రోలు అందక కాదు, ఎక్కువై ఇంజను స్టార్ట్ కావడం లేదు.

ఏ12 ఇంజనులో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ హెడ్‌కు ఒకే వైపున ఉంటాయి. హెడర్ గొట్టాలు కార్బురేటర్‌కు సరిగ్గా కిందనే వెళతాయి. నడుస్తున్నంతసేపూ లోపలికి వచ్చే గాలీ, ఆవిరయ్యే పెట్రోలూ కార్బురేటర్‌ను చల్లబరుస్తూనే ఉంటాయి. ఇంజను ఆపగానే ఆ చల్లదనం ఆగిపోతుంది, కింది వేడి మాత్రం పైకి ఎక్కుతూనే ఉంటుంది. మధ్యలో నేను పెట్టినది అల్యూమినియం అడాప్టర్, దాని మీద అల్యూమినియం స్పేసర్. అవి వేడికి అడ్డం కావు, దారి.

కొలవకుండా నమ్మకూడదని, గిన్నె వేడిని చూడటానికి గురిపెట్టి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తెచ్చాను. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మెరిసే అల్యూమినియం మీద ఆ పరికరం చాలా తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే మెరిసే లోహం తన వేడిని కిరణాలుగా సరిగా వదలదు. మొదట నాకు గిన్నె 38 డిగ్రీలు ఉన్నట్టు చూపించింది, చేయి పెడితే మాత్రం కాలింది. గిన్నె మీద నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, దాని మీదకు గురిపెట్టాక నమ్మదగిన అంకెలు వచ్చాయి. బయట 41 డిగ్రీల ఎండ ఉన్న రోజున, నడిపి ఆపిన వెంటనే 44, పదిహేను నిమిషాలకు 71.

పెట్రోలు నీటిలాగా ఒకే వేడి దగ్గర మరిగే ద్రవం కాదు. దానిలోని తేలిక భాగాలు 40 డిగ్రీల దరిదాపులలోనే ఆవిరి కావడం మొదలుపెడతాయి, బరువైనవి 200 డిగ్రీల దాకా నిలుస్తాయి. ఇప్పుడు బంకులలో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ విడిగా 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, కాని పెట్రోలులో కలిసినప్పుడు దానిలోని కొన్ని భాగాలతో జతకట్టి, ఇంకా తక్కువ వేడికే ఆవిరవుతుంది. 71 డిగ్రీల గిన్నెలో అది కుదురుగా ఉండమంటే ఎలా ఉంటుంది?

ఆ రోజుతో నా ప్రశ్న మారిపోయింది. ఆకారం తరువాత, ముందు వేడి ఎక్కని పదార్థం కావాలి. ఫినాలిక్ రెసిన్‌తో చేసిన దిమ్మె అల్యూమినియంతో పోలిస్తే వేడిని కొన్ని వందల రెట్లు తక్కువగా ప్రసరింపజేస్తుంది. మన దగ్గర ఎలక్ట్రికల్ పనివాళ్లు దానినే హైలం షీటు అంటారు. ఆ పేరుతో షీట్లు తయారుచేసిన కంపెనీ హైదరాబాదుదే కావడం వల్ల, ఈ ఊళ్లో ఆ మాట తెలియని లేత్ పనివారు ఉండరు. ఈ వస్తువు కోసం విదేశాలకు ఆర్డరు పెట్టవలసిన పని లేదని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఒక మిత్రుడు త్రీడీ ప్రింటింగ్‌తో చేసిపెడతానన్నాడు. సాధారణంగా వాడే పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఏబీఎస్‌ను పెట్రోలు పాడుచేస్తుంది. కార్బురేటర్ కింద అది పెట్టడం ప్రమాదం అని చెప్పి వద్దన్నాను.

రాణీగంజ్‌లో హైలం షీట్లు అమ్మే దుకాణంలో రెండు రకాలు చూపించారు. ఒకటి కాగితం పొరలతో చేసింది, రెండవది నూలు గుడ్డ పొరలతో చేసింది. కాగితంది చవక, స్విచ్ బోర్డులకు చాలు. దానికి అంచు దగ్గర రంధ్రం వేస్తే పొరలు విడిపోయే అవకాశం ఉంది. గుడ్డ పొరలదాని అంచును నిశితంగా చూస్తే నేత కనిపిస్తుంది, డ్రిల్లింగ్‌కు గట్టిగా నిలుస్తుంది. 12 మిల్లీమీటర్ల మందంలో గుడ్డ రకం తీసుకున్నాను.

మందం 12 అని నిర్ణయించడానికి పిల్లల ఆటమట్టి ఉపయోగపడింది. ఓపెన్ స్పేసర్ ఉన్నప్పుడే ఎయిర్ ఫిల్టర్ మూత మీద ఆటమట్టి ముద్ద పెట్టి, బానెట్ మెల్లగా మూసి తెరిచాను. అణిగిన మట్టి మందం 9 మిల్లీమీటర్లు. ఇంజను తన మౌంటింగుల మీద ఊగుతుంది కనుక, 9 మిల్లీమీటర్ల జాగా చాలదు. అప్పటికే బానెట్ లోపలి రంగు మీద ఒక గీత పడి ఉండటం గమనించాను. 12 మిల్లీమీటర్ల దిమ్మె అయితే 22 మిగులుతుంది. ఇక ఆకారం రెండు రంధ్రాలదే అని ఓపెన్ స్పేసరే నాకు నేర్పింది.

బాలానగర్‌లో ఒక లేత్ షెడ్డుకు వెళ్లి, కార్బురేటర్ కింద ఉండే పాత ప్యాకింగును (గ్యాస్కెట్‌ను) నమూనాగా ఇచ్చి, దిమ్మె చేయించాను. పని శుభ్రంగా వచ్చింది. తీరా ఇంటికి తెచ్చి, కార్బురేటర్‌ను దిమ్మె మీద పెట్టి, చేత్తో లివర్ తిప్పి చూస్తే సెకండరీ చివరిదాకా తెరుచుకుని, తిరిగి మూసుకోకుండా ఉండిపోయింది. ట్యూబులైటు కిందకు ఎత్తి చూశాను. థ్రాటిల్ రేకు పూర్తిగా నిలువుగా తిరిగినప్పుడు దాని కింది అంచు కార్బురేటర్ అడుగు దాటి కిందికి దిగుతుంది, ఆ అంచు దిమ్మె రంధ్రం గోడకు గుచ్చుకుని ఇరుక్కుంది. హైలం మీద గోటితో గీసినట్టు సన్నటి తెల్ల గీత పడి ఉంది. దీనిని చూడకుండా కారుకు బిగించి, రోడ్డు మీద పూర్తిగా యాక్సిలరేటర్ నొక్కి ఉంటే, కాలు తీసినా ఇంజను తగ్గేది కాదు. ఆ ఆలోచనకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. స్పేసర్ ఏదైనా, కొన్నదైనా చేయించినదైనా, బల్ల మీద ఈ పరీక్ష చేయకుండా బిగించవద్దని నా విన్నపం.

తప్పు లేత్ ఆయనది కాదు, నాది. ఏడాదిగా పెట్రోలులో నానిన ప్యాకింగు ఉబ్బి, రంధ్రం కేంద్రం దాదాపు ఒక మిల్లీమీటరు జరిగింది. మళ్లీ కార్బురేటర్‌నే బాలానగర్ తీసుకెళ్లాను. ఆయన చూసి, “గా ప్యాకింగ్ కొలత వట్టిదే సార్, మాల్ తెచ్చి ముందల పెట్టాలె” అని, దిమ్మెకు నీలం రంగు పూసి, కార్బురేటర్ అడుగునే దాని మీద ఉంచి గుర్తులు గీసుకున్నారు. రంధ్రాలు గొంతుల కంటే ఒక మిల్లీమీటరు పెద్దవిగా తీయమన్నాను. రెండింటి నడుమ గోడ అసలే సన్నం కనుక, అంతకంటే పెంచే వీలు లేదు. రెండో దిమ్మె మీద రేకులు ఎక్కడా తగలకుండా తిరిగాయి.

బిగించడంలో పెద్ద విశేషం లేదు. దిమ్మె మందమూ, అదనపు ప్యాకింగు మందమూ కలిపి పొడవైన స్టడ్లు కావాలి, అవి పుత్లీబౌలిలో దొరికాయి. నట్లను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. బలంగా బిగిస్తే కార్బురేటర్ అడుగు వంగి గాలి తీసుకుంటుంది. ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ సరిచూసుకోవాలి. కార్బురేటర్ పైకి లేచింది కనుక యాక్సిలరేటర్ కేబుల్ కోణం మారింది. ఒకరు లోపల కూర్చుని పెడల్ పూర్తిగా నొక్కితే, ఇంకొకరు పైనుంచి చూసి థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చెప్పాలి. నా కారులో అది చివర కొద్దిగా తెరుచుకోకుండా మిగిలిపోతే, బ్రాకెట్ కింద వాషర్లు వేసి సరిచేశాము.

గాలి ఎక్కడా చొరబడటం లేదని, మానిఫోల్డ్‌లోని పీల్పును కొలిచే వ్యాక్యూమ్ గేజితో చూశాను. పుస్తకాలలో 18 నుంచి 21 అంగుళాల పాదరసం ఉండాలని రాస్తారు, అది సముద్రమట్టం దగ్గరి లెక్క. హైదరాబాదు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, వెయ్యి అడుగులకు ఒక అంగుళం చొప్పున ఇక్కడ దాదాపు రెండు అంగుళాలు తగ్గించి చదువుకోవాలి. నాకు 16.5 దగ్గర ముల్లు కదలకుండా నిలిచింది.

జెట్ల (పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రమున్న మరల) విషయంలో కూడా ఈ ఎత్తు లెక్కలోకి వస్తుంది. ఇక్కడ గాలి సముద్రతీరం కంటే దాదాపు 6 శాతం పలచన, కనుక మిశ్రమం తనంతట తానే కొంచెం చిక్కబడుతుంది. ఇథనాల్ దానికి ఎదురుగా లాగుతుంది. మామూలు పెట్రోలుకు బరువులో 14.7 వంతుల గాలి కావలసి ఉంటే, 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు 13.5 దగ్గర చాలు, అంటే అదే గాలికి పెట్రోలు ఎక్కువ కావాలి. రెండింటిలో ఇథనాల్ లాగుడే బలమైనది. మిశ్రమం చిక్కదనాన్ని చూపే ల్యాంబ్డా మీటరు (1 అంటే సరైన మిశ్రమం) మిత్రుని దగ్గర అరువు తెచ్చి చూస్తే, నిదానంగా నడుస్తున్నప్పుడు 1.12 అని, బాగా పలచగా ఉన్నట్టు చూపించింది. ప్రైమరీ మెయిన్ జెట్ 130 తీసి 135 వేశాను. ఆ అంకె రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరో వంతులలో చెబుతుంది, వైశాల్యం లెక్కన చూస్తే అది దాదాపు 8 శాతం పెంపు. మీటరు 1.03కు వచ్చింది, ఆ అర సెకను తటపటాయింపు దాదాపు పోయింది. ఓపెన్ స్పేసర్ ఉన్న రోజులలో 140 వేసినా అది పోలేదు.

శంకర్‌పల్లి వైపు ఖాళీగా ఉండే ఒక తిన్నని రోడ్డు మీద, తెల్లవారుజామున ఒకే వేళకు, మూడో గేరులో గంటకు 40 నుంచి 80 కిలోమీటర్ల వరకు మూడేసి సార్లు స్టాప్‌వాచీతో చూసుకున్నాము. ఉత్త అడాప్టరుతో సగటున 10.4 సెకన్లు, ఓపెన్ స్పేసరుతో 10.6, హైలం రెండు రంధ్రాలదానితో 9.9. చేతి గడియారంతో తీసిన అంకెలు గనుక సెకనులో పదింట రెండు వంతుల తేడాకు నేను విలువ ఇవ్వను, అర సెకను తేడాకు ఇస్తాను. అందులోనూ కొత్త జెట్టు వాటా ఎంతో, దిమ్మె వాటా ఎంతో విడదీయడం నావల్ల కాలేదు. పై ఆర్‌పీఎంలో మాత్రం ఓపెన్ స్పేసరే మెరుగు, ఆ మాట దాచను. ట్రాక్ మీద ఎప్పుడూ 5000 పైన తిరిగే ఇంజను అయి ఉంటే, ఓపెన్ ఆకారాన్నే హైలంలో చేయించుకునేవాడిని.

గిన్నె వేడి సంగతి చెప్పనేలేదు. బయట మళ్లీ 41 డిగ్రీలున్న రోజునే ఆగి కొలిచాను. నడిపి ఆపిన పదిహేను నిమిషాలకు 55. ఉస్తాద్ హెడర్‌కూ కార్బురేటర్‌కూ నడుమ ఒక అల్యూమినియం రేకు అడ్డం పెట్టాక 51. ఆ రేకు గిన్నె అడుగున వేడి గాలిని పక్కకు మళ్లిస్తుంది, దానికి పెట్టిన ఖర్చు దిమ్మె ఖర్చులో పదో వంతు కూడా లేదు.

మే రెండో వారంలో అమ్మను పంజాగుట్టలో ఆసుపత్రికి తీసుకెళ్లి, మందులు కొనడానికి కారు ఎండలోనే ఇరవై నిమిషాలు ఆపవలసి వచ్చింది. తిరిగి వచ్చి తాళం తిప్పే ముందు, అలవాటు కొద్దీ యాక్సిలరేటర్ మీద కాలు పెట్టబోయి, తీసేశాను. సెల్ఫ్ రెండు చుట్లు తిరిగేసరికి ఇంజను అందుకుంది. అమ్మ కిటికీ అద్దం దించుతూ, పెట్రోలు వాసన రావడం లేదేమిటని అడిగింది.